వీఆర్ హెడ్‌సెట్‌లో నాకు కనిపించింది నిజమైన లోతేనా? (చిన్ననాటి మెల్లకన్ను, 36 ఏళ్లు)

ప్రశ్న
రాసినవారు: వెన్నెలబాట

అందరికీ నమస్కారం. సందేహం కొంచెం పొడుగైనది. ఓపికగా చదివి, తెలిసినవారు జవాబివ్వమని కోరుతున్నాను.

నాకు రెండో ఏడు నిండే వేళకు ఎడమ కన్ను ముక్కువైపు తిరగడం మొదలైందట. ప్లస్ పవరు అద్దాలు పెట్టారు, కుడి కంటికి ప్యాచ్ కట్టారు, చివరికి ఆరో ఏట శస్త్రచికిత్స చేశారు. ఇప్పుడు చూసేవారికి నా కళ్లు తిన్నగానే ఉన్నట్టు కనిపిస్తాయి. బాగా అలసిపోయినప్పుడో, దగ్గరి వస్తువును చాలాసేపు చూసినప్పుడో మాత్రం ఎడమ కన్ను కాస్త లోపలికి జారుతుంది. అద్దాలతో రెండు కళ్ల చూపూ దాదాపు సమానమే అయినా, అవి రెండూ కలిసి పనిచేయవని, అందువల్ల నాకు లోతు తెలియదని ప్రతి పరీక్షలోనూ చెబుతూ వచ్చారు. ప్రత్యేకమైన అద్దాలు పెట్టి, ఈగ బొమ్మ ఉన్న కార్డు చూపించి, దాని రెక్క పట్టుకోమన్నప్పుడు, లోతు తెలిసినవారు కార్డుకు పైన గాలిలో వేళ్లు కలుపుతారట. నేను ప్రతిసారీ కార్డునే గిల్లేదాన్ని.

ఇది నాకు లోటుగా ఎన్నడూ తోచలేదు. ఎరగని రుచి కోసం నాలుక తహతహలాడదు కదా. మెట్లు దిగుతాను, బండి నడుపుతాను. విసిరిన బంతిని పట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం మాత్రం చేతకావు.

క్రితం వారం ఒక స్నేహితురాలు తన వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తగిలించుకుంటే చుట్టూ దృశ్యం చూపే పరికరం, తనది క్వెస్ట్ 2) పెట్టుకుని చూడమంది. నా అద్దాల మీదుగానే పెట్టుకున్నాను. మొదట కనిపించిన గది బాగానే ఉంది గాని, వింతగా ఏమీ అనిపించలేదు. తరవాత ఒక పాత అటకలాంటి చోటు వచ్చింది. చిన్న కిటికీలోంచి ఎండ పడుతోంది, ఆ ఎండలో ధూళి రేణువులు తేలుతున్నాయి. ఒక్కసారిగా ఆ రేణువుల్లో ప్రతిదానికీ తనదైన చోటు ఉన్నట్టు తోచింది. ఒకటి నా ముక్కు ముందర ఉంది, ఇంకొకటి దాని వెనక ఉంది, రెండింటి మధ్యా ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఇంతకుముందు నేను ఊహించుకున్నానే తప్ప చూడలేదు. చెయ్యి దానంతట అదే పైకి లేచింది. మూడు నాలుగు నిమిషాల తరవాత కళ్లు లాగినట్టయి హెడ్‌సెట్ తీసేశాను. తీశాక ప్రపంచం ఎప్పటిలాగే ఉంది.

నేను చూసింది అందరికీ కనిపించే లోతేనా, లేక బొమ్మల గొప్పతనం వల్ల కలిగిన భ్రమా? నిజమైనదే అయితే బయట కనిపించనిది అందులో ఎందుకు కనిపించింది? మళ్లీ మళ్లీ పెట్టుకుంటే మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా?


జవాబు 1
రాసినవారు: ఏకతార

మీ సంతోషం మీద నీళ్లు చల్లాలని కాదు గాని, ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. చిన్నతనంలో జరిగిన ప్రమాదంలో నా కుడి కన్ను పూర్తిగా పోయింది. ఉన్నది ఒక్క కన్నే. అయినా వీఆర్ హెడ్‌సెట్ మొదటిసారి పెట్టుకున్న రోజున, ఎదురుగా ఉన్న బల్ల అంచును పట్టుకుని లేవబోయి కింద పడినంత పని చేశాను. లోతు అంత బలంగా తెలిసింది.

అయితే అంతకుముందు, ఫోనును అట్టపెట్టెలో పెట్టి చూసే చవక పరికరం ఒకటి వాడినప్పుడు నాకు ఆ అనుభవం కలగలేదు. తేడా ఎక్కడుందో తరవాత తెలిసింది. ఆ పరికరం తల ఎటు తిరిగిందో మాత్రమే పసిగడుతుంది. తల పక్కకు జరిగినా, ముందుకు వంగినా దానికి పట్టదు. ఇప్పటి హెడ్‌సెట్లు తల జరిగిన మేరకు దృశ్యాన్నీ జరుపుతాయి. తల ఒక అంగుళం పక్కకు కదిపితే దగ్గరివి ఎక్కువగా, దూరపువి తక్కువగా జరుగుతాయి, ఆ తేడా చాలు నాలాంటివాడికి. ఒంటికంటివాళ్లం రోజంతా ఆ లెక్క మీదే బతుకుతాం. మీరు ధూళిని చూసినప్పుడు మీ తల కదులుతోందా, నిలకడగా ఉందా? జవాబంతా అందులో ఉందని నా అనుమానం.


జవాబు 2
రాసినవారు: కంటిపాప_ఆర్థాప్టిస్ట్

ఏకతార గారు అడగవలసిన ప్రశ్ననే ముందుగా అడిగారు. నేను పద్దెనిమిదేళ్లుగా ఆర్థాప్టిస్టుగా, మెల్లకన్ను ఉన్న పిల్లలనూ పెద్దలనూ పరీక్షిస్తున్నాను. ఇక్కడ రాసేది సాధారణ వివరణ మాత్రమే, మీ కళ్లను చూడకుండా నిర్ణయం చెప్పలేను.

లోతు తెలియడానికి దారులు చాలా ఉన్నాయి. ముందున్నది వెనక ఉన్నదాన్ని కప్పడం, దూరం పోయేకొద్దీ గీతలు దగ్గరకు రావడం, నీడలు, తల కదిపినప్పుడు జరిగే మార్పు, ఇవన్నీ ఒక్క కంటితోనే అందుతాయి. రెండు కళ్లూ కావలసిన ముఖ్యమైన దారి ఒకటుంది. కళ్ల మధ్య ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఎడం ఉండటం వల్ల ఒకే వస్తువు రెండు కళ్లలో కాస్త వేర్వేరు చోట్ల పడుతుంది, మెదడు ఆ తేడానే లోతుగా మారుస్తుంది. దీన్ని స్టీరియో దృష్టి అంటాం. ఈ సంగతిని 1838లో ఛార్లెస్ వీట్‌స్టోన్ ముఖం చూసుకునేలాంటి రెండు అద్దాలు, రెండు గీతల బొమ్మలతో నిరూపించాడు. మీ స్నేహితురాలి హెడ్‌సెట్ ఆ అద్దాల పరికరానికి మునిమనుమరాలే.

కళ్లు వేర్వేరు దిక్కులకు చూస్తున్నప్పుడు పసిమెదడు ఇరకాటంలో పడుతుంది. రెండు బొమ్మలనూ ఒప్పుకుంటే అన్నీ రెండేసి కనిపిస్తాయి. అందుకని తిరిగిన కంటి నుంచి వచ్చే బొమ్మను, ముఖ్యంగా చూపు నడిమి భాగాన్ని, పక్కన పెట్టేస్తుంది. దీన్నే మేము అణచివేత అంటాం. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు 1965లో, పిల్లికూనలకు కృత్రిమంగా మెల్ల కలిగించినప్పుడు, రెండు కళ్లకూ కలిపి స్పందించే మెదడు కణాలు బాగా తగ్గిపోయాయని చూపించారు. ఆ ఇద్దరికీ 1981లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఈ పని వల్లనే చిన్నతనం దాటితే ఇక దారి మూసుకుపోయినట్టేనన్న అభిప్రాయం మా వృత్తిలో పాతుకుపోయింది. అయితే అమెరికాకు చెందిన నాడీశాస్త్రవేత్త సూసన్ బేరీ పసితనం నుంచీ మెల్లకన్ను ఉన్న మనిషి. శస్త్రచికిత్సలు అయ్యాక కూడా లోతు తెలియకుండా పెరిగిన ఆమెకు, చూపు శిక్షణ తరవాత 48వ ఏట స్టీరియో దృష్టి వచ్చింది. ఒకరికి వచ్చింది కాబట్టి అందరికీ వస్తుందని కాదు. తలుపు అందరికీ ఒకే వయసులో మూసుకుపోదని మాత్రం దానివల్ల తెలిసింది.

ఇప్పుడు మీ సంగతి. మీరు రాసినదాంట్లో మూడు మాటలు నా చూపును ఆపాయి.

మొదటిది, మీ కన్ను రెండో ఏడు నిండే వేళకు తిరిగింది. స్టీరియో దృష్టి పుట్టిన మూడు నాలుగు నెలల నుంచే మొగ్గ తొడుగుతుంది. ఆరు నెలలు నిండకముందే మెల్ల వచ్చినవారితో పోలిస్తే, కొంతకాలం రెండు కళ్లతో లోకాన్ని చూసిన మీకు పునాది ఎంతో కొంత పడి ఉండవచ్చు.

రెండోది, మీ కళ్లు ఇప్పుడు దాదాపు తిన్నగా ఉన్నాయి. మెల్లను ప్రిజం డయాప్టర్లలో కొలుస్తాం. ఒక మీటరు దూరంలో చూపు ఒక సెంటీమీటరు తప్పితే అది ఒక డయాప్టరు. మిగిలిపోయిన మెల్ల సుమారు ఎనిమిది డయాప్టర్లలోపు ఉన్నవారిలో చాలామందికి నడిమి చూపు అణగి ఉన్నా, పక్కచూపు రెండు కళ్లనూ కలుపుతూనే ఉంటుంది. వారికి మోటు లోతు తెలుస్తుంది, సన్నని లోతు తెలియదు. ఈగ కార్డు అరచేతిలో ఇమిడే బొమ్మ. హెడ్‌సెట్ దృశ్యమో, ముఖం చుట్టూ దాదాపు తొంభై డిగ్రీల మేర పరుచుకుని ఉంటుంది. మీ పక్కచూపుకు అంత పెద్ద మేత దొరకడం అరుదు.

మూడోది నాకు అన్నింటికంటే ఆసక్తికరంగా ఉంది. దగ్గరివి చూసినప్పుడు మీ కన్ను జారుతుందన్నారు, ప్లస్ పవరు అద్దాలన్నారు. దగ్గరి వస్తువు స్పష్టంగా కనబడాలంటే కంటిలోని కటకం బిగుసుకోవాలి. ఆ బిగింపుతో పాటే కళ్లు లోపలికి తిరగడం ప్రకృతి కట్టిన ముడి. కొందరిలో ఆ ముడి మరీ బిగుతుగా ఉండి, అవసరానికి మించి కళ్లు తిరుగుతాయి. హెడ్‌సెట్‌లో మాత్రం వస్తువు ముక్కు ముందర ఉన్నట్టు కనిపించినా, కటకం సర్దుకోవలసిన దూరం మారదు. చాలా పరికరాల్లో అది ఒకటి రెండు మీటర్ల దగ్గర స్థిరంగా ఉంటుంది. మామూలు కళ్లవారికి ఈ పొత్తు కుదరకపోవడం వల్లనే తలనొప్పి వస్తుంది, అందరూ దాన్ని హెడ్‌సెట్ల లోపంగా చెప్పుకుంటారు. మీ విషయంలో ఆ లోపమే వరమై, కటకం బిగుసుకోనక్కరలేనందువల్ల కన్ను జారకుండా నిలిచి ఉండవచ్చు. ఇది ఊహ మాత్రమే అయినా, పరీక్షించి తేల్చుకోదగిన ఊహ.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. గడ్డాన్ని పుస్తకాల దొంతర మీద ఆనించి, తల కదలకుండా ఆ ధూళినే చూడండి. తరవాత ఎడమ కన్ను మూసి చూడండి. రెండు కళ్లతో ఉన్న ఖాళీ ఒక కంటితో చదునైపోతే అది స్టీరియో దృష్టి వైపు సూచన. తేడా లేకపోతే ఏకతార గారి మాటే నిజం.

కీడు సంగతి అడిగారు. అప్పుడప్పుడు పది నిమిషాలు చూడటం వల్ల పెద్దవారికి హాని జరుగుతుందని నేను అనుకోను. కానీ అణచివేతను పనిగట్టుకుని తొలగించే ఆటలను సొంతంగా మొదలుపెట్టవద్దు. అణచివేత మెదడు కట్టుకున్న గోడ. కళ్లు కలిసే శక్తి లేనివారిలో ఆ గోడ కూలితే, అన్నీ రెండుగా కనిపించడం మొదలై ఆగకపోవచ్చు. అలాంటివారిని నేను చూశాను, వారి అవస్థ మామూలుది కాదు.


జవాబు 3
రాసినవారు: రెండుదారులు

కంటిపాప గారు చివర రాసిన మాటలు నేను స్వయంగా అనుభవించినవి కాబట్టి జోక్యం చేసుకుంటున్నాను. నాది బయటికి తిరిగే మెల్ల, అదీ ఉండి ఉండి వచ్చే రకం. కన్ను నిలిచినప్పుడు లోతు తెలుస్తుంది, జారినప్పుడు తెలియదు. కాబట్టి మీకు కొత్తగా దొరికింది నాకు దొరుకుతూ, పోతూ ఉండేది. ఈ తేడాను గుర్తుంచుకుని నా కథ చదవండి.

ఐదేళ్ల కిందట, వీఆర్‌తో మెల్లకన్ను నయమవుతుందన్న మాట నా చెవిన పడింది. జేమ్స్ బ్లాహా అనే ప్రోగ్రామరు తన మెల్లకన్ను కోసం, ఆకులస్ తొలినాటి హెడ్‌సెట్ మీద ఒక ఆట తయారుచేసుకున్నాడని, అదే తరవాత వివిడ్ విజన్ అనే సంస్థగా మారి వైద్యుల చేతుల్లోకి వెళ్లిందని చదివాను. పద్ధతి తేలికగానే అర్థమవుతుంది. బలమైన కంటికి చూపే బొమ్మ వెలుగు తగ్గిస్తారు, బలహీనమైన కంటికి పూర్తి వెలుగు ఇస్తారు. ఆటలో కొన్ని వస్తువులు ఒక కంటికే, మరికొన్ని రెండో కంటికే కనిపిస్తాయి. రెండు కళ్లూ పనిలోకి దిగితే తప్ప ఆట సాగదు.

వైద్యుణ్ణి కలవకుండా, అదే పద్ధతిలో ఎవరో తయారుచేసి ఉచితంగా పెట్టిన ఒక ఆటను నేను రోజుకు గంట చొప్పున ఆడాను. మూడో వారంలో ఒక సాయంత్రం హెడ్‌సెట్ తీశాక ఎదురుగా గోడ మీద గడియారాలు రెండు ఉన్నాయి. రెప్పలార్పితే ఒకటయ్యాయి, మళ్లీ విడిపోయాయి. మర్నాడు వీధి దాటేటప్పుడు వస్తున్న వాహనం ఏది, దాని నీడబొమ్మ ఏదో తేల్చుకోలేక ఆగిపోయాను. ఆ పది రోజులూ ఒక కన్ను మూసుకుని గడిపాను. అది తగ్గడం నా అదృష్టం.

తరవాత ఒక ఆర్థాప్టిస్ట్ దగ్గర పద్ధతిగా మొదలుపెట్టాను. ఆవిడ హెడ్‌సెట్‌ను రెండు నెలల దాకా ముట్టుకోనివ్వలేదు. పూసలు గుచ్చిన తాడును ముక్కు దగ్గర పట్టుకుని ఒక్కో పూసనూ చూడటం, ఒక్కో కంటికీ సగం కనిపించే బొమ్మలను కలపడం, ఇలాంటి పాత పనులే చేయించారు. హెడ్‌సెట్ వచ్చాక కూడా వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలే. ఏడాది గడిచేసరికి కన్ను జారడం తగ్గింది, జారినప్పుడు జారిందని నాకే తెలియడం మొదలైంది. నా మట్టుకు దక్కిన అసలు లాభం ఆ రెండోదే. మెల్ల కోణం మాత్రం అంగుళం కూడా మారలేదు. ఆట ఆడితే కండరం పొడవు మారదు కదా.

ఇంకొక హెచ్చరిక. పత్రికల్లో వచ్చే వార్తల్లో మెల్లకన్నునూ, మంద దృష్టినీ కలిపేస్తుంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో లుమినోపియా అనే వీఆర్ చికిత్సను ఆమోదించిన మాట నిజమే. అప్పటి ఆ ఆమోదం నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల్లో మంద దృష్టి కోసం, అంటే ఒక కంటి చూపు మందగించడం కోసం. 36 ఏళ్ల మనిషికి లోతు తెప్పిస్తుందని ఎవరూ ఆ ఆమోదంలో చెప్పలేదు. రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మలు చూపే ఒక టాబ్లెట్ ఆటను ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల మీద పరీక్షించి, మంద దృష్టికి అద్దాలు మాత్రమే వాడినదానికంటే ఎక్కువ మేలు లేదని 2019లో తేల్చిన పరిశోధన కూడా ఉంది. అమ్మేవారు మొదటిదాన్ని చెబుతారు, రెండోదాన్ని చెప్పరు.


జవాబు 4
రాసినవారు: తెరవెనక

నేను వీఆర్ దృశ్యాలు తయారుచేసే పనిలో ఉన్నాను. కళ్ల గురించి నాకు తెలిసింది తక్కువ, తెరల గురించి కొంచెం ఎక్కువ.

కంటిపాప గారు చెప్పిన ఒక కన్ను మూసే పరీక్షతో నాకు చిన్న పేచీ ఉంది. కన్ను మూసినప్పుడు ఏం జరగాలో ముందే తెలిసినవారికి, ఆ జరగవలసినదే కనిపిస్తుంది. వెన్నెలబాట గారు ఇప్పటికే ఆశతో ఉన్నారు. ఆశపడే మనిషిని "ఎలా కనిపిస్తోంది" అని అడగకూడదు. ముందుందా, వెనకుందా అని అడిగి, జవాబు తప్పో ఒప్పో లెక్కపెట్టాలి.

ధూళిని ఎంచుకోవడంలో మీకు తెలియకుండానే మీరు మంచి పరీక్షను పట్టుకున్నారు. చుక్కలకు నీడ ఉండదు, గీతలు ఉండవు, ఒకటి మరొకదాన్ని కప్పడమూ ఉండదు. బేలా యూలెష్ 1960 ప్రాంతంలో కంప్యూటరుతో చిందరవందర చుక్కల బొమ్మల జతలను తయారుచేసింది ఇందుకే. ఏ ఒక్క బొమ్మను చూసినా ఇసుక చల్లినట్టు ఉంటుంది. రెండు కళ్లతో కలిపి చూస్తే నడుమ ఒక చతురస్రం పైకి తేలుతుంది. ఒక కంటితో దొంగచాటుగా గెలవడానికి వీలుండదు.

అలాంటిదే ఒకటి రాత్రి కూర్చుని తయారుచేసి మీకు విడిగా పంపాను. తల కదిపినా దృశ్యం దానితోపాటే కదులుతుంది కాబట్టి ఏకతార గారి దారి మూసేసినట్టే. చుక్కల పరిమాణం మారదు. చతురస్రం ప్రతిసారీ ముందుకో వెనక్కో వస్తుంది, మీరు మీట నొక్కాలి. ఒక్కో విడతలో ఇరవై సార్లు. ఊరికే ఊహించి నొక్కితే పది ఒప్పులు పడతాయి. మొదటి విడతలో రెండు కళ్ల బొమ్మల తేడా ఒక డిగ్రీ, రెండో విడతలో పావు డిగ్రీ. మూడో విడతలో నేను ఎడమ కంటి బొమ్మను కుడి కంటికి, కుడిదాన్ని ఎడమకు ఇచ్చాను. మీరు చూసేది నిజంగా స్టీరియో దృష్టే అయితే అందులో ముందున్నవి వెనక్కి, వెనకున్నవి ముందుకు తారుమారు కావాలి. భ్రమ అయితే తారుమారు కాదు.

ఇంతకంటే సన్నని తేడాలను హెడ్‌సెట్‌తో కొలవాలని చూడవద్దు. మీ స్నేహితురాలిది క్వెస్ట్ 2 అన్నారు. దాని తెరలో డిగ్రీకి సుమారు ఇరవై పిక్సెళ్లు (తెర మీది అతిచిన్న చుక్కలు) పడతాయి, అంటే ఒక్కో పిక్సెల్ మూడు నిమిషాల కోణం, 180 సెకన్లు (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు, సెకనంటే అందులో అరవయ్యో వంతు). మంచి కళ్లవారు కార్డు మీద 40 సెకన్ల తేడాను కూడా పట్టుకుంటారు. ఆ పరికరానికి అంత చేవ లేదు. మొదలుపెట్టే ముందు కటకాల ఎడాన్ని మీ కళ్ల ఎడానికి తగ్గట్టు పెట్టుకోండి. అందులో 58, 63, 68 మిల్లీమీటర్లు అని మూడు మెట్లు ఉంటాయి. అద్దాల షాపువాళ్లు రాసిచ్చిన చీటీలో మీ కొలత దొరుకుతుంది.

కంటిపాప గారికి ఒక ప్రశ్న. ప్రతి కంటి బొమ్మనూ విడివిడిగా తిప్పడం మాకు చిటికెలో పని. మెల్ల ఎంత కోణముంటే అంత కోణం ఆ కంటి బొమ్మను తిప్పి చూపిస్తే, కళ్లు కదలకుండానే రెండు బొమ్మలూ కలుస్తాయి కదా. అలా ఎందుకు చేయరు?


జవాబు 5
రాసినవారు: కంటిపాప_ఆర్థాప్టిస్ట్

లెక్కపెట్టాలన్న మీ మాటే సరైనది. నా పరీక్షను వెనక్కి తీసుకుంటున్నాను.

మీరు చెప్పిన పనిని మేము చాలాకాలంగా సినాప్టోఫోర్ అనే యంత్రంతో చేస్తున్నాం. రెండు గొట్టాలుంటాయి, ఒక్కోదాన్నీ మెల్ల కోణానికి తగ్గట్టు తిప్పుతాం. అయితే పసితనం నుంచీ మెల్ల ఉన్న కొందరిలో, మెదడు ఆ వంకర కోణాన్నే తిన్నని కోణంగా లెక్కవేసుకుని సర్దుకుపోతుంది. వారికి కొలత ప్రకారం సరిగ్గా తిప్పి చూపితే బొమ్మలు కలవవు, పక్కకు పోతాయి. అందుకే ఎవరికి తిప్పవచ్చో ముందు తెలుసుకోవాలి. వెన్నెలబాట గారి కోసం దయచేసి ఆ మార్పు చేయవద్దు.


జవాబు 6
రాసినవారు: వెన్నెలబాట

ఆలస్యానికి మన్నించండి. ఒకే రోజు చేస్తే అలసటవల్ల ఫలితం మారుతుందేమోనని మూడు రోజులు తీసుకున్నాను. మొదట ఏకతార గారికి జవాబు. అటక దృశ్యంలో నా తల కదులుతూనే ఉంది. ఆరోజు నేను చూసినదాంట్లో మీ దారి వాటా ఎంతో ఇప్పుడు చెప్పలేను.

తెరవెనక గారి చుక్కల్లో మొదటి నిమిషం ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు. మూసేద్దామనుకుంటుండగా నడుమ భాగం ఉబ్బినట్టయింది. అంచులు తెలియలేదు, ఉబ్బు మాత్రం తెలిసింది. ఒక డిగ్రీ విడతలో ఇరవైకి పద్దెనిమిది ఒప్పులు వచ్చాయి. పావు డిగ్రీలో పదకొండే, అంటే గుడ్డిగా నొక్కినట్టే. తారుమారు చేసిన విడతలో ఇరవైకి మూడే ఒప్పులు పడ్డాయి. ఆ మూడు చూసి మొదట నిరాశపడ్డాను. పదిహేడు తప్పులంటే పదిహేడుసార్లు తారుమారైనదాన్ని తారుమారైనట్టే చూశానని అర్థమయ్యాక, చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. ఎడమ కన్ను మూసి మొదటి విడత మళ్లీ చేస్తే పది ఒప్పులు.

ఒక్క విషయం మాత్రం రాయకపోతే తప్పవుతుంది. బయట ఏ మార్పూ లేదు. హెడ్‌సెట్ తీసిన వెంటనే కిటికీలోంచి చెట్టును చూశాను, ఆకులన్నీ ఒకే బట్ట మీద అచ్చువేసినట్టు ఉన్నాయి. సూదిలో దారం ఇప్పటికీ ఎక్కదు. రెండుగా కనిపించడం లాంటిదేమీ లేదు. కంటి వైద్యుల దగ్గరికి వచ్చే వారం వెళుతున్నాను.


జవాబు 7
రాసినవారు: కంటిపాప_ఆర్థాప్టిస్ట్

ఒక డిగ్రీ తెలిసి, పావు డిగ్రీ తెలియకపోవడం మోటు లోతు ఉన్నవారి తీరుకు సరిపోతోంది. పావు డిగ్రీ అంటే 900 సెకన్లు. ఈగ రెక్క తేడా సుమారు 3000 సెకన్లు, దాని పక్కనుండే, సన్నని లోతును పరీక్షించే వలయాల్లో అన్నింటికంటే తేలికైనదే 800. కాబట్టి ఈ లెక్కన మీకు ఈగ అందాలి, వలయాలు అందకూడదు. ఈగ ఎందుకు అందడం లేదన్నదే అసలు ప్రశ్న. కార్డును 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటారు, ఆ దూరంలో మీ కటకం బిగుసుకుని కన్ను జారుతుంది కనుక అందడం లేదేమో.

వైద్యులను కలిసినప్పుడు ఈ రెండూ అడగండి. దూరానికీ దగ్గరికీ మెల్ల కోణాన్ని విడివిడిగా కొలవమనండి. తరవాత మీ అద్దాల మీద దగ్గరి చూపు కోసం అదనపు ప్లస్ కటకం ఉంచి, మళ్లీ కొలిచి, అదే ఈగ కార్డును చూపించమనండి. నాలుగు దీపాల పరీక్ష కూడా చేస్తారు. ఎరుపు, ఆకుపచ్చ అద్దాలతో చూసినప్పుడు నాలుగు కనిపిస్తే కళ్లు కలుస్తున్నట్టు, రెండో మూడో కనిపిస్తే ఒక కన్ను అణగినట్టు, ఐదు కనిపిస్తే రెండుగా చూస్తున్నట్టు. దగ్గర్నుంచీ దూరం నుంచీ వేర్వేరు జవాబులు వస్తే కంగారుపడకండి, మీలాంటివారిలో అది మామూలే.


జవాబు 8
రాసినవారు: వెన్నెలబాట

వెళ్లి వచ్చాను. మెల్ల దూరానికి ఆరు డయాప్టర్లు, దగ్గరికి పద్దెనిమిది. అదనంగా ప్లస్ 2.50 ఉంచితే దగ్గరిది ఎనిమిదికి తగ్గింది. నాలుగు దీపాలు దగ్గర నాలుగే, దూరంలో రెండే. అణచివేతను తొలగించే ఆటలేవీ వద్దని, ముందుగా బైఫోకల్ అద్దాలతో కొన్ని నెలలు చూద్దామని డాక్టరు గారు అన్నారు. హెడ్‌సెట్ సంగతి చెబితే నవ్వకుండా విని, తెరవెనక గారి లెక్కల కాగితాన్ని ఫైలులో పెట్టుకున్నారు.

ఆ అదనపు కటకం ఉంచే ఈగ కార్డు ఇచ్చారు. నేను ఎప్పటిలాగే వేళ్లు కిందికి దించాను. కార్డు తగలక ముందే రెక్క వచ్చింది. గోరు మందమంత ఎత్తులో ఉంది. వేళ్లు అక్కడే ఆపి, ఇక్కడేనా అని అడిగాను. వలయాల్లో మాత్రం ఒక్కటీ లేవలేదు.